పంటి సాక్ష్యం – కర్నూలు గవుల నుండి నస్కల్ దాకా

నా చిన్ననాట మా నాయనగారు ఎడ్లను కొనడానికి పశువుల అంగడికి పోయేటప్పుడు నన్ను వెంట తీసుకొని పోయేవారు. అమ్మేవాడు కొమ్ముల అందం చెప్పేవాడు, మూపురం చూపేవాడు, నడిపించి అడుగు చూపేవాడు. మా నాయన అన్నీ విన్నట్లే విని, చివరకు ఎద్దు ముక్కుతాడు పట్టుకొని కింది పెదవిని బొటనవేలితో వంచి చూచేవారు. 'నాలుగు పండ్లు' అనో, 'కడపండ్లు వేసింది' అనో ఒక్క మాట అనేవారు. దానితో బేరం వేరే దారి పట్టేది. దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కించరాదని సామెత పుట్టిందంటే, కొనే ఆవుకు లెక్కించి తీరాలనే కదా అర్థం!

పశువు నోటిలో ముందువైపు పై దవడకు పళ్ళుండవు. గట్టి చిగురు మాత్రమే ఉంటుంది. కింది దవడకు ఎనిమిది ఉంటాయి. పాలపళ్ళు రాలి, జత తరువాత జతగా కొత్తవి వస్తాయి. ఆ జతల లెక్కే వయసు లెక్క. అక్షరం రాని రైతుకు తెలిసిన ఈ విద్యను, భూమిలో లక్షల ఏళ్ళుగా పడి ఉన్న పళ్ళ మీద ప్రయోగించి, ఇప్పుడు లేని జంతువులకు కులగోత్రాలు చెప్పిన వారి కథ ఈ వ్యాసం. అందులో చాలా భాగం మన తెలుగు నేల మీదనే జరిగింది. అయినా మన పాఠ్యపుస్తకాలలో నేను దానిని ఎన్నడూ చూడలేదు.

ఈ విషయం మీద నాకు ఆసక్తి కలగడానికి ఒక కారణం ఉన్నది. అది నా తప్పు గనుక ముందే చెప్పుకుంటాను. 1986 ఆగస్టులో గోదావరికి మహా వరద వచ్చింది. అప్పుడు నేను నది ఒడ్డుకు దగ్గరలో ఉన్న ఒక ఊరి బడిలో తెలుగు పండితుణ్ణి. వరద తీసిన కొన్నాళ్ళకు ఎనిమిదవ తరగతి పిల్లవాడొకడు ఇసుకలో దొరికిందని ఒక నల్లని పన్ను తెచ్చి నా బల్ల మీద పెట్టినాడు. ఇంచుమించు బొటనవేలంత పొడవు. చేతిలోకి తీసుకుంటే పన్ను బరువు కాదు, రాయి బరువు. 'ఇది ఏ జంతువుది సార్?' అని అడిగినాడు. నేను దానిని అటూ ఇటూ తిప్పి చూచి, 'ఏదో గొడ్డుదిలే' అన్నాను. కొంతకాలం కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా వాడుకున్నాను. ఒక వేసవిలో గదికి సున్నం వేసినప్పుడు అది ఎటో పోయింది. ఆ 'ఏదో గొడ్డు' అన్న మాట ఎంత తేలికగా అన్నానో, దాని వెనుక ఎంత శాస్త్రం ఉన్నదో తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

సంస్కృతం చదువుకున్న వారికి ఒక సంగతి జ్ఞాపకం చేస్తాను. గిట్టకు అమరకోశంలో శఫమనీ, ఖురమనీ పేర్లున్నవి. ఒకే గిట్ట గల గుర్రం, గాడిద వంటివి ఏకశఫాలు. మన పూర్వులు గిట్టతో ఆగలేదు, పళ్ళను కూడా చూచినారు. పురుషసూక్తంలో గుర్రాల పుట్టుక చెప్పేచోట రెండు దవడలకూ ముందుపళ్ళు గల జంతువుల ప్రస్తావన వస్తుంది. ఉభయతోదంతులు, ఏకతోదంతులు అనే విభాగం ధర్మశాస్త్రాలలోనూ కనిపిస్తుంది. మనుస్మృతి ఐదవ అధ్యాయంలో ఏ జంతువును తినవచ్చునో చెప్పేటప్పుడు ఒకవైపే పళ్ళున్న వాటిని అనుమతించి, వాటిలో ఒంటెను మాత్రం మినహాయించినారు. ఒంటె పై దవడ ముందుభాగం చాలా వరకు బోసిగా ఉన్నా, మూలన ఒక్కొక్క పన్ను ఉంటుంది. ఒంటె నోరు తెరిచి చూచిన వాడెవడో ఆ కాలంలో ఉన్నాడన్నమాట! ఇంతమాత్రం చేత ఆధునిక జంతుశాస్త్రమంతా మన దగ్గరే ఉన్నదని వాదించేవారితో నేను చేరను. వారి అవసరం ఆహార నియమం. అంతరించిన జంతువు అనే ఊహే వారికి లేదు. కాని గిట్టనూ పంటినీ కలిపి చూడాలన్న చూపు మాత్రం ఉన్నది.

ఐరోపాలో ఆ ఊహకు బలం చేకూర్చినవాడు ఫ్రాన్సు దేశపు కువియే. పారిస్ చుట్టుపక్కల జిప్సం గనులలో దొరికిన పళ్ళను, దవడలను పరిశీలించి, ఇవి నేడు భూమి మీద ఎక్కడా లేని గిట్టల జంతువులని పంతొమ్మిదవ శతాబ్ది తొలి ఏళ్ళలోనే నిరూపించినాడు. 1848లో ఇంగ్లండులో రిచర్డ్ ఓవెన్ గిట్టల జంతువులను సమసంఖ్య వేళ్ళవి, విషమసంఖ్య వేళ్ళవి అని రెండుగా విడదీసినాడు. ఆవు, జింక, పంది, ఒంటె మొదటి వర్గం. గుర్రం, ఖడ్గమృగం, టేపిర్ రెండవ వర్గం. మన దేశంలో హ్యూ ఫాల్కనర్, ప్రోబీ కాట్లీ అనే ఇద్దరు 1830ల నుండి శివాలిక్ కొండలలో సేకరించిన శిలాజాలు ఈ శాస్త్రానికి పెద్ద గని అయినవి.

ఇంతకూ పన్నే ఎందుకు? దేహంలో పంటిమీది పింగాణి పొరకు మించిన గట్టి పదార్థం లేదు. తూకంలో నూటికి 95 పాళ్ళకు పైగా ఖనిజమే. ఎముకను దుమ్ములగొండి కొరుకుతుంది, ముళ్ళపంది గీకుతుంది, ఎండావానలు పొడి చేస్తాయి. పన్ను మిగులుతుంది. పైగా పన్ను ఒకసారి ఏర్పడిన తరువాత ఆకారంలో పెరగదు. అరగడం ఒక్కటే దానికి తెలుసు. కనుక జంతువు తిన్న తిండి, పుట్టిన వంశం రెండూ దాని మీద వ్రాసి ఉంటాయి.

ఆ లిపిని చదవడం ఎట్లాగో స్థూలంగా చెబుతాను. పంది చర్వణకం మీద గుండ్రని బుడిపెలుంటాయి. దుంప, పురుగు, పండు ఏది దొరికితే అది నలగగొట్టే పన్ను అది. మేక, ఆవు, జింకల పన్ను పైనుండి చూస్తే నెలవంకలు కనిపిస్తాయి. అరిగిన కొద్దీ ఆ చంద్రరేఖల అంచులు పింగాణి గీతలుగా పైకి తేలి ఆకురాయి లాగా పని చేస్తాయి. ఖడ్గమృగం పై దవడ పంటి మీద బయటివైపు ఒక పొడుగాటి గట్టు, దాని నుండి లోపలికి రెండు అడ్డగట్లు ఉంటాయి. గ్రీకు అక్షరమైన 'పై'ని వ్రాసినట్లుంటుందని శాస్త్రజ్ఞులు పోలిక చెబుతారు. గుర్రపు పన్ను అన్నిటికంటె చిక్కు. పింగాణి మడత మీద మడతగా ముగ్గు వేసినట్లు తిరుగుతుంది. గుర్రపు జాతులను విడదీసేటప్పుడు కింది దవడ పంటిలో రెండు మెలికల మధ్య ఉన్న పల్లం కోసుగా ఉన్నదా, వంపుగా ఉన్నదా అని కూడా చూస్తారు.

ఆకారంతో పాటు ఎత్తు కూడా ముఖ్యం. గడ్డిలో ఇసుక వంటి సిలికా పదార్థం ఉంటుంది. నేలబారున మేసేటప్పుడు దుమ్మూ ధూళీ కలుస్తాయి. గడ్డి తినే జంతువు పన్ను త్వరగా అరుగుతుంది గనుక పొడుగైన పన్ను కావాలి. ఆకులలములు తినేదానికి పొట్టి పన్ను చాలు. రష్యా పండితుడు వ్లదీమిర్ కొవలెవ్‌స్కీ 1870లలో గుర్రపు పూర్వీకుల పళ్ళు పొట్టివిగా మొదలై క్రమంగా పొడుగైన విధానాన్ని పరిశీలించి, అడవి నుండి గడ్డిమైదానానికి మారిన జీవితచరిత్రను అందులో చదివినాడు. మా నాయన ఒక ఎద్దు వయసు చదివినట్లు ఈయన ఒక వంశం వయసు చదివినాడు.

ఇక మన కర్నూలుకు వస్తాను. బేతంచర్ల అనగానే మనకు ఇంటికి పరిచే బండలు గుర్తుకు వస్తాయి. ఆ సున్నపురాతి నేలలోనే నీరు వేల ఏళ్ళు తొలిచిన గుహలున్నవి. ప్రసిద్ధమైనవి బిల్లసర్గం గుహలు. జనం బిలస్వర్గమనీ, బిల్వస్వర్గమనీ అంటారు. దొరలు వ్రాసిన పాత కాగితాలలో బిల్ల సుర్గం. 'సుర్గం' స్వర్గానికి వికృతియా, లేక సురంగంలోని సున్న జారిపోయి మిగిలిన రూపమా అని ఆలోచిస్తే నాకు రెండవదే సబబుగా తోస్తుంది. బిలమే సురంగం కదా! ఆ సీమలో గుహను గవి అంటారు. దగ్గరలోనే మరొక గుహ ఉన్నది, పేరు ముచ్చట్ల చింతమాను గవి. ఇంత చక్కని పేరును అంతర్జాతీయ పత్రికలలో రోమను అక్షరాలలో చదువుకొనే శాస్త్రజ్ఞుల నోళ్ళు ఏ పాట్లు పడతాయో!

1844లో కెప్టెన్ న్యూబోల్డు బిల్లసర్గంలో ఎముకలున్నాయని బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వ్రాసినాడు. తరువాత నలభై ఏళ్ళ దాకా ఎవరూ పట్టించుకోలేదు. 1880లలో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు హక్స్‌లీ ప్రోద్బలం మీద మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ ఆ గుహలను త్రవ్వించాలని తలచినాడు. పని రాబర్ట్ బ్రూస్ ఫుట్ మీద పడింది. మద్రాసు దగ్గర పల్లావరంలో 1863 మే 30న రాతిగొడ్డలిని గుర్తించి, మన దేశపు పాతరాతియుగ చరిత్రకు తలుపు తీసినవాడు ఆయనే. గుహలలో కూర్చొని త్రవ్వించినవాడు ఆయన కుమారుడు హెన్రీ బ్రూస్ ఫుట్. శతఘ్నిదళంలో లెఫ్టినెంటు. తండ్రీ కొడుకులు గుహలకు ఇంగ్లీషు పేర్లు పెట్టినారు. ఒకటి పెద్ద చర్చి, ఒకటి శల్యగృహం, ఒకటి పాపప్రక్షాళన లోకం. మనవాళ్ళు స్వర్గమన్న చోట దొరలు నరకానికి పొరుగూరు పేరు పెట్టినారన్నమాట. ఆ మట్టిలో మోకాటిలోతున దిగి ఎముకలేరినవారి చెమట కూడా అటువంటిదే అయి ఉంటుంది. వారు బేతంచర్ల చుట్టుపక్కల కూలీలే. వారి పేర్లు ఏ నివేదికలోనూ నాకు కనిపించలేదు.

అక్కడ దొరికినవి రిచర్డ్ లిడెక్కర్ బల్ల మీదికి చేరినవి. ఈయన 1874లో భారత భూగర్భ సర్వే శాఖలో చేరి, 1882లో స్వదేశం వెళ్ళిపోయినవాడు. శివాలిక్ శిలాజాలతో చేతులు కాలినంతగా పనిచేసిన అనుభవజ్ఞుడు. 1886లో 'పేలియంటోలాజియా ఇండికా' గ్రంథమాలలో కర్నూలు గుహల జంతుజాలం మీద పుస్తకం ప్రచురించినాడు. దుప్పి, కడితి, మనుబోతు వంటి నేటికీ ఉన్న గిట్టల జంతువులను గుర్తించినాడు. కొన్నిటికి కొత్త పేర్లు పెట్టి, అంతరించిన జాతులన్నాడు. వాటిలో ఒకటి ఖడ్గమృగం, ఒకటి అడవిపంది. రెండింటికీ కర్నూలు పేరే పెట్టినాడు. రైనోసెరస్ కర్నూలియెన్సిస్, సుస్ కర్నూలియెన్సిస్. ప్రపంచమంతా వాడే లాటిను నామావళిలో మన ఊరిపేరు ఇట్లా చేరింది.

రాయలసీమలో ఖడ్గమృగమా అని ఆశ్చర్యపడనక్కరలేదు. అంతకు పన్నెండేళ్ళ ముందే, 1874లో, ఇదే ఫుట్ బెళగాం జిల్లా గోకాక్ దగ్గర దొరికిన ఖడ్గమృగానికి రైనోసెరస్ దక్కనెన్సిస్ అని పేరుపెట్టి ప్రకటించి ఉన్నాడు. గడ్డీ, నీరూ, బురదా లేనిదే ఖడ్గమృగం బ్రతకదు. అది నేడు అస్సాం, నేపాలు వంటి చోట్లకు పరిమితమైపోయింది. ఒక పన్ను సరిగా గుర్తిస్తే కరవుసీమలో ఒకనాడు పచ్చికబయళ్ళుండేవని ఒప్పుకోవలసి వస్తుంది. తప్పుగా గుర్తిస్తే లేని నదులను పారించినట్లవుతుంది. జాతి పేరు పెట్టడమంటే లేబులు అంటించడం కాదని నాకు ఇక్కడే బోధపడింది.

లిడెక్కర్ మరొక పెద్ద మాట కూడా అన్నాడు. కర్నూలు గుహలలోని కొన్ని జంతువులు ఆఫ్రికా జంతువులను పోలి ఉన్నాయన్నాడు. మచ్చల దుమ్ములగొండి, బబూన్ కోతి, పెద్ద అలుగు, వీటితోపాటు గాడిదజాతి జంతువు. ఈ మాట భూగర్భశాస్త్ర గ్రంథాలలోకి ఎక్కి తరాల తరబడి నిలిచింది. ఆలోచించండి. గాడిద పన్నుకూ, మన కచ్ఛ్ ఎడారిలో నేటికీ తిరిగే అడవిగాడిద పన్నుకూ ఉన్న తేడా ఎంత? పింగాణి మడతలో ఒక వంపు. ఆ వంపు ఇటు తిరిగితే ఆఫ్రికా, అటు తిరిగితే గుజరాతు! ఖండాంతర వలసల కథ ఒక గీత మీద ఆధారపడి ఉన్నది.

లిడెక్కరును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన చేతికి వచ్చినవి ముక్కలు. పోల్చిచూడటానికి అందుబాటులో ఉన్న పుర్రెలు కొద్ది. పైగా పంటిలో ఒక మోసమున్నది. అరిగిన కొద్దీ దాని ముఖం మారుతుంది. కోడె పన్నూ, ముసలి ఎద్దు పన్నూ పక్కపక్కన పెడితే ఒకే జంతువువని నమ్మడం కష్టం. కొన్ని మడతలు అరుగుదలలో మాయమవుతాయి, కొన్ని కొత్తగా బయటపడతాయి. మగదానికీ ఆడదానికీ, కొండమీది మందకూ మైదానపు మందకూ తేడాలుంటాయి. ఇవన్నీ లెక్కలోకి తీసుకోకపోతే ఒకే జాతిలోని తాతా మనవళ్ళను రెండు జాతులుగా వ్రాసే ప్రమాదమున్నది. పంతొమ్మిదవ శతాబ్దిలో ఇట్లా పుట్టిన పేర్లు ఎన్నో తరువాత కొట్టివేతకు గురైనవి. మా పాఠాంతర పరిష్కరణలోనూ ఇదే తంతు. లేఖకుడి చేతివ్రాత తేడాను చూచి వేరే కవి పద్యమనుకొన్న పండితులు లేరా?

1970లలో కె. తిమ్మారెడ్డి బిల్లసర్గంలోను, ఎం.ఎల్.కె. మూర్తి ముచ్చట్ల చింతమాను గవిలోను మళ్ళీ త్రవ్వకాలు జరిపినారు. మట్టి పొరలను విడివిడిగా గుర్తించి, ఏ పన్ను ఏ పొరదో వ్రాసిపెట్టడం అప్పటి నుండి పద్ధతి అయింది. ఫుట్ కాలంలో త్రవ్విన వేగానికి అంత ఓపిక ఉండేది కాదు. ఈ శతాబ్దిలో రవి కోరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా, రాజీవ్ పట్నాయక్ ప్రభృతులు ఆ ప్రాంతంలో పనిచేసినారు. 2014లో పాట్రిక్ రాబర్ట్స్ మొదటి పేరుగా ఒక బృందం బిల్లసర్గం జంతువుల మీద అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తు పత్రికలో వ్యాసం ప్రకటించింది. దాని సారాంశం ఇది: గుర్తించిన 21 రకాల క్షీరదాలలో 20 రకాలు కనీసం లక్ష ఏళ్ళుగా, కొన్ని రెండు లక్షల ఏళ్ళుగా ఈ దేశంలో కొనసాగుతూ వచ్చినవి.

ఇది చిన్న మాట కాదు. ఆస్ట్రేలియాలో, అమెరికాలలో మానవుడు అడుగుపెట్టిన తరువాతి కాలంలో పెద్ద జంతువులు గుంపులు గుంపులుగా అంతరించినవి. ఆ నష్టంలో మనిషి పాలు ఎంత, వాతావరణం పాలు ఎంత అని నేటికీ వాదం నడుస్తున్నది. మన దేశంలోనూ కొన్ని పోయినవి. నీటిగుర్రం పోయింది, దంతాలు సూటిగా ఉండే పెద్ద ఏనుగు పోయింది, నర్మదా లోయ పేరు పెట్టుకున్న అడవిగుర్రం పోయింది. కాని కర్నూలు గుహల మట్టిలో మాత్రం, అగ్నిపర్వతాలు బూడిద కురిపించినా, వానలు తగ్గినా పెరిగినా, మనిషి రాతిముక్కలు మార్చి ఇనుము పట్టినా, కడితీ దుప్పీ మనుబోతూ సాగుతూనే వచ్చినవి. ఈ నిర్ణయానికంతటికీ మూలం పళ్ళను, ఎముకలను మళ్ళీ మొదటినుండి నిదానంగా గుర్తించడమే. 'అంతరించిన జాతి' అని తొందరపడి వ్రాసిన ప్రతి పేరూ మన నేల చరిత్రలో ఒక దొంగ చావు నమోదు చేసినట్లే కదా!

ఇంతవరకు చెప్పినవి చేతితో పట్టుకోగల పళ్ళు. ఇక కంటికి ఆనని పళ్ళ కథ. మా వరంగల్లు నుండి సికింద్రాబాదు మీదుగా పోతే వికారాబాదు వస్తుంది. దాని సమీపంలో నస్కల్ అనే పల్లె ఉన్నది. దక్కను పీఠభూమిని కప్పిన నల్లరాతి లావా ఒక్కసారిగా పొంగినది కాదు. పొంగి, ఆగి, మళ్ళీ పొంగింది. ఆగిన కాలంలో పల్లాలలో నీళ్ళు నిలిచి, చెట్లు మొలిచి, కప్పలూ చేపలూ బ్రతికినవి. తరువాతి లావా వాటిని కప్పివేసింది. రొట్టెల మధ్య పచ్చడి పూసినట్లు లావా పొరల నడుమ ఆ చెరువుల మట్టి మిగిలింది. వయసు సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళు. అంటే రాక్షసబల్లుల చివరి రోజులు.

నస్కల్ మట్టిలో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని ఒక చిన్న క్షీరదపు పళ్ళను కనుగొని 1988లో 'నేచర్' పత్రికలో ప్రకటించినారు. మన దేశంలో క్రెటేషియస్ యుగపు క్షీరదం దొరకడం అదే మొదలు. డెక్కనోలెస్టిస్ హిస్లోపి అని పేరు పెట్టినారు. ఆ పేరులోని హిస్లాప్ నాగపురంలో మతప్రచారకుడుగా ఉంటూ లావా నడిమి పొరలను శ్రద్ధగా పరిశీలించిన స్టీఫెన్ హిస్లాప్. 1863లో ఏరు దాటుతూ మునిగిపోయి మరణించినాడు. ఇటువంటి పళ్ళు దొరకాలంటే మట్టిని బస్తాలకొద్దీ తెచ్చి, నానబెట్టి, సన్నని జల్లెడలలో కడిగి, మిగిలిన నలుసులను సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా ఏరాలి. మన ఇళ్ళలో బియ్యంలో రాళ్ళేరే ఓపిక ఉన్నవారే ఈ పనికి తగినవారు.

డెక్కనోలెస్టిస్ గిట్టల జంతువు కాదు. చెట్లెక్కే చిన్న ప్రాణి. గిట్టల వంశానిదని చెప్పదగిన పన్ను అదే లావా నడిమి పొరలలో మధ్యప్రదేశ్, దిండోరి జిల్లా కిసల్‌పురి దగ్గర దొరికింది. ఒకే ఒక్క చర్వణకం, కొద్ది మిల్లీమీటర్లు. దాని మీద ప్రసాద్, సాహ్ని మరి ముగ్గురు కలిసి 2007లో 'సైన్స్' పత్రికలో వ్రాసినారు. దగ్గరి ఖర్మేర్ నది పేరును, గిట్టల జంతువనే అర్థం గల లాటిను మాటను కలిపి ఖర్మెరుంగులేటం అన్నారు. రెండవ పేరు అమెరికా శాస్త్రజ్ఞుడు లీ వాన్ వేలెన్ పేరు మీద వాన్‌వేలెని. గిట్టల వంశానికి ఆదిపురుషుల వంటివని చెప్పే ప్రాచీన జంతువుల పళ్ళను అమెరికాలో 1965లో స్లోన్‌తో కలిసి వర్ణించినవాడు ఆయన.

ఒక్క నలుసంత పన్ను మీద ఇంత మోయవచ్చునా? ఏనుగుకు ముందు తరాలు, ఆవుకు ముందు తరాలు రాక్షసబల్లుల కాళ్ళ కింద తిరిగేవా, లేక అవి పోయిన తరువాతనే పుట్టినవా అన్నది పెద్ద ప్రశ్న. ఇండియా అప్పటికి ఆసియాకు అతకని దీవి. ఆ దీవి మీద గిట్టల వంశపు పన్ను ఉన్నదంటే కథ ఒక విధం, లేదంటే మరొక విధం. ఆ పన్ను బుడిపెల అమరికలో ఆ వంశపు పోలికలున్నాయని వ్రాసినవారి వాదం. పోలిక వేరు, చుట్టరికం వేరు అనీ, ఒకే తిండి తినే రెండు వేరువేరు వంశాలకు ఒకే మాదిరి పళ్ళు రావచ్చుననీ ఈ శాస్త్రంలో ఎప్పుడూ ఉండే హెచ్చరిక. డెక్కనోలెస్టిస్ కూడా మొదట ఒక కుటుంబంలో చేరి, మరిన్ని పళ్ళు, కాలి ఎముకలు దొరికిన తరువాత మరొక కుటుంబానికి మారింది. నాకైతే ఒక్క పంటితో పేరు పెట్టడం తప్పుగా తోచదు. ఆ పేరును శిలాశాసనమనుకోవడం తప్పు.

పన్ను సగం నిజం చెప్పి ఊరుకొన్న ముచ్చట ఒకటి చెప్పి ముగిస్తాను. ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్ దగ్గర దొరికిన కొన్ని పళ్ళు, దవడముక్కల ఆధారంగా 1971లో ఒక చిన్న సమసంఖ్య గిట్టల జంతువుకు ఇండోహ్యూస్ అని పేరు పెట్టినాడు. భారతదేశపు పంది అని దాని అర్థం. ఆయన మరణించిన తరువాత, పగలగొట్టకుండా ఇంట్లో దాచి ఉంచిన రాళ్ళను భార్య అమెరికా శాస్త్రజ్ఞుడు థెవిసెన్‌కు అప్పగించింది. వాటిని శుభ్రం చేస్తుండగా ఒక పుర్రెలో చెవి ఎముక పొరపాటున విరిగింది. విరిగిన చోట తిమింగిలాల చెవులలో మాత్రమే కనిపించే మందమైన అంచు బయటపడింది! 2007లో లోకానికి తెలిసినదేమంటే, ఇండోహ్యూస్ పంది కాదు, తిమింగిలానికి దగ్గరి చుట్టం. గిట్టలతో నడిచిన పిల్లంత ప్రాణికీ, సముద్రంలో ఈదే మహామత్స్యమని మనం పిలిచేదానికీ బంధుత్వం ఒక చెవి ముక్కలో తేలింది. అయినా గిట్టల జంతువని పన్ను చెప్పింది అబద్ధం కాలేదు. రంగారావు గౌరవార్థం ఆ కుటుంబానికి రావెల్లిడే అనే పేరు నిలిచింది.

మొన్న సంక్రాంతికి పాత విద్యార్థి ఒకాయన ఫోను చేసినాడు. మాటల్లో, 'సార్, వరదప్పుడు నేను మీకు ఒక పన్నిచ్చిన, యాదికున్నదా?' అన్నాడు. నాకు గొంతు తడారిపోయింది. పోగొట్టినానని చెప్పినాను. అతను నవ్వి, 'నేను దాని బొమ్మ నోటుబుక్కుల గీసుకున్న సార్' అన్నాడు. బొమ్మ ఇప్పుడు లేదట. కాని జ్ఞాపకమున్నది. పైన ఎట్లా ఉండేదని అడిగినాను. రెండు జతల నెలవంకలు, వాటి నడుమ పక్కన చిన్న స్తంభం లాంటిది అని చెప్పినాడు. పొడుగా, పొట్టిదా అని అడిగినాను. పొడుగే అన్నాడు.

నెలవంకలుంటే పంది కాదు, గుర్రం కాదు, ఖడ్గమృగం కాదు. పొడుగు పన్ను, నడుమ స్తంభం అంటే పశుజాతి వైపే మొగ్గాలి. ఇంటి ఎద్దా, అడవి ఎద్దా, ఎనుమా, గోదావరి ఒడ్డున మేసి అంతరించిన మరేదైనానా అన్నది పన్ను చేతిలో ఉంటే తప్ప తేలదు. అతని చేత ఆ బొమ్మను మళ్ళీ గీయించి పంపమన్నాను.